శేరులో గాలెంత?

“కిలో కందిబేడలు ఎన్ని గ్లాసులవుతాయి?” అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే. ఏ గ్లాసు? ఎలక్ట్రిక్ కుక్కరుతో వచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మిల్లీలీటర్లు. అది జపాను వాళ్ల పాత బియ్యం కొలత, కుక్కరుతో పాటే మన వంటింట్లో దిగింది. అమెరికా కప్పు 240కి కాస్త తక్కువ. డల్లాస్‌లో ఉన్న కోడలు వీడియోలో ‘ఒక కప్పు’ అంటుంది, ప్రొద్దుటూరులో అత్త కుక్కరు కప్పుతో పోస్తుంది. బేడలు పావు వంతు తగ్గి, చింతపండు మాత్రం చెప్పినంతా పడి, పులుపెక్కువైందని పేచీ.

లెక్క తేలాలంటే లీటరు పట్టుకోవాలి. లీటరు గిన్నెలో పోసి తలకొడితే కందులైనా, పెసలైనా, శనగలైనా ఇంచుమించు 800 నుంచి 870 గ్రాములు తూగుతాయి. గింజ పెద్దదైతే శేరులో తక్కువ పడుతుందనుకుంటాం. పడేది తక్కువ గింజలే, తూకం మాత్రం తగ్గదు. గింజల మధ్య సందులు పెద్దవవుతాయి, కానీ సందుల లెక్క తగ్గుతుంది. నిండు శేరులో దాదాపు 40 శాతం గాలే. శనగపిండి ఒక్కటే ఈ లెక్కకు లొంగదు. జల్లించిన పిండి లీటరు 400 గ్రాములు తూగడం కూడా కష్టం. బజ్జీలకైతే ఫరవాలేదు గానీ, మైసూరుపాకుకు కాటా ఉండాల్సిందే.

గాలి పాలు మారేది కొలిచే చేతిని బట్టి. మెల్లగా జారిస్తే గింజలు వదులుగా కూర్చుంటాయి. శేరును నేలకేసి రెండుసార్లు తడితే సర్దుకుని ఇంకో పిడికెడు పడుతుంది. తలకొట్టడం వేరు, గోపురంగా పోయడం వేరు. కల్లంలో కూలిగింజలు కొలిచే రోజుల్లో రాజకీయమంతా ఇక్కడే. కొలిచే ఆయన మొదటి శేరును ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. ఎవరి లాభమో కూలికొచ్చిన మనిషికి తెలుసు. అందుకే శేరు పోయిందని బాధపడేవాళ్లలో నేను లేను. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చాయి, వీశ, మణుగు మెల్లగా మూలపడ్డాయి. కోయిలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ పండించే రైతుకు క్వింటాలు లెక్కే మేలు. తేమ పేరు చెప్పి అక్కడా కోత వేసేవాళ్లున్నారు, అది వేరే కథ.

వంటింట్లో మాత్రం శేరుదే పైచేయి అంటాను. పొయ్యి మీద బేడలకు కావలసింది గ్రాములు కాదు, పాళ్లు. ఏ గ్లాసుతో బేడలు కొలిచామో అదే గ్లాసుతో మూడింతల ఎసరు పెడితే ఉడుకుతాయి. పాత బేడలైతే ఇంకో అరగ్లాసు. ఎనిపేటప్పుడు గట్టిగా అనిపిస్తే వేణ్ణీళ్లు ఎటూ ఉన్నాయి.

రెండు లెక్కలూ ఒకేచోట కలిసేది బడి వంటగదిలో. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక పాఠశాల పిల్లలకు తలకు 20 గ్రాముల పప్పు, ఆరు నుంచి ఎనిమిది చదివే పిల్లలకు 30. 50 మంది చిన్నపిల్లలొస్తే కిలో. కడప జిల్లాలో నేను చూసిన ఒక బడిలో కాటా లేదు. వంట చేసే అక్క అంగట్లో కిలో బేడలు తూకం వేయించి, తన డబ్బాలో పోసి, ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ మేకుతో గీత గీసుకుంది. అరకిలో మళ్లీ విడిగా తూయించి ఇంకో గీత. సగం ఎత్తులో గీసుకుంటే సరిపోయేది గదా అన్నాను. “డబ్బా అడుగు సన్నం గదా సార్, సగం ఎత్తుకు సగం తూకం యాడొస్తాది?” అంది. 45 మంది వచ్చిన రోజు పైగీతకు వేలి మందం కింద ఆపుతుంది. లెక్క ప్రకారం 900 గ్రాములు. ఒకసారి అంగడికి పట్టుకుపోయి తూయించాం, పది గ్రాములు అటో ఇటో. డబ్బా సొట్టలు పడింది, కొత్తది కొనిద్దామంటే ఆమె ఒప్పుకోవడం లేదు.