వేప గింజ నేర్పే పాఠం: 'కొత్త సమ్మేళనం' అన్న మాటను ఎలా చదవాలి?

విద్యార్థులారా! ఔషధ మొక్కల విత్తనాల నుంచి 'కొత్త సమ్మేళనాన్ని వేరుచేసి గుర్తించాం' అనే వాక్యం మీకు పరిశోధన వ్యాసాల్లో తరచుగా కనిపిస్తుంది. వేరుచేయడం, గుర్తించడం రెండు వేర్వేరు పనులు. వాటిని ఒకే వాక్యంలో కలిపి చెప్పడం వల్ల రెండో పనిలోని కష్టం మరుగున పడుతుంది. వేప గింజలోని అజాడిరాక్టిన్ చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ.

1968లో ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయంలో బటర్‌వర్త్, మోర్గన్ దీన్ని వేరుచేశారు. గింజల సారాన్ని భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగాన్ని ఎడారి మిడతలపై పరీక్షించారు. ఏ భాగం కలిపిన మేతను మిడతలు ముట్టలేదో, ఆ భాగాన్నే మళ్లీ విడదీశారు. పనిచేసే పదార్థం చేజారకపోవడమే ఈ పద్ధతికి బలం. కాని పదార్థం శుద్ధంగా దొరికినంత మాత్రాన దాని నిర్మాణం తెలిసిపోదు.

ఈ అణువులో 35 కార్బన్, 44 హైడ్రోజన్, 16 ఆక్సిజన్ పరమాణువులు ఉన్నాయి. ఇన్ని పరమాణువులు ఎలా అమరాయో అణుఫార్ములా చెప్పలేదు. 1975లో నకనిషి బృందం ప్రధానంగా ఎన్.ఎమ్.ఆర్. వర్ణపటాల ఆధారంగా ఒక నిర్మాణాన్ని ప్రతిపాదించింది. అది సరికాదని 1980ల మధ్యలో తేలింది. క్రౌస్, లే, నకనిషి బృందాల కృషితో నిర్మాణం సవరణ పొందింది. అజాడిరాక్టిన్ నుంచి తయారుచేసిన ఒక ఉత్పన్నం స్ఫటికాన్ని ఎక్స్-కిరణాలతో పరిశీలించడం ఈ సవరణకు గట్టి ఆధారమైంది. 2007లో లే బృందం ఈ అణువు సంపూర్ణ సంశ్లేషణను ప్రకటించింది.

1975 నాటి ప్రతిపాదనను నేను తప్పుపట్టడం లేదు. అందుబాటులో ఉన్న ఆధారాలతో చేసిన నిజాయితీ గల ఊహ అది. 1968 తరవాత నేరుగా సరైన నిర్మాణాన్ని అచ్చువేసి, మధ్యలోని దాదాపు ఇరవై ఏళ్ల సందేహాన్ని వదిలేసే పాఠ్యపుస్తకాలతోనే నా పేచీ. అలా చదివిన విద్యార్థి నిర్మాణాన్ని కంఠస్థం చేస్తాడే గాని, ఆధారం అడగడు. రేపు తన ఫలితాన్ని కూడా అలాగే నమ్ముతాడు.

మరొక మాట. మన రైతులు చల్లే వేప గింజల కషాయం ఈ నిర్మాణం తేలేదాకా ఆగలేదు. పైగా ఆ కషాయంలో ఉన్నది ఒక్క అజాడిరాక్టినే కాదు. కాబట్టి గింజ గుణమంతా ఒకే అణువుకు ఆపాదించే వ్యాసాన్నీ అనుమానంతోనే చదవండి.

ఇకపై 'కొత్త సమ్మేళనం' అన్న మాట కనబడితే మూడు ప్రశ్నలు వేసుకోండి: పదార్థం శుద్ధమైనదని ఎలా తేల్చారు? నిర్మాణానికి ఎన్ని స్వతంత్ర ఆధారాలు ఉన్నాయి? అదే ఆధారాలకు సరిపోయే మరో నిర్మాణం సాధ్యమా?