ఊళ్ళో జనం లేని యుద్ధం

కంటి ఆపరేషన్ చేయించుకోవడానికి వచ్చి మా అమ్మమ్మ విజయవాడలో మా ఇంట్లో నెల రోజులు ఉంది. టీవీ చూడొద్దని డాక్టరుగారు చెప్పారు గానీ, నా కంప్యూటర్ సంగతి ఆయన ఏమీ చెప్పలేదని ఆవిడ వాదన. ఒకరోజు రాత్రి నేను ‘ఇన్సర్జెన్సీ: శాండ్‌స్టార్మ్’ ఆడుతుంటే వెనక మంచం మీద కూర్చుని చూస్తోంది. తెర మీద మండుటెండ, మట్టిరంగు గోడలు, ఇరుకు సందులు. నేను తుపాకీ పట్టుకుని ఒక్కో ఇల్లూ దాటుకుంటూ పోతున్నాను.

“ఊళ్ళో జనమేర్రా?” అంది.

“గేమ్ అమ్మమ్మా. జనం ఉండరు.”

“మరి ఆ ఇళ్ళన్నీ ఎవరివి?”

జవాబు చెప్పేలోపే ఎవడో కిటికీలోంచి కాల్చాడు. చచ్చిపోయాను. అమ్మమ్మ పడుకుంది. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఈ వ్యాసం దానికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ముందు ఆట గురించి న్యాయంగా చెప్పాలి. న్యూ వరల్డ్ ఇంటరాక్టివ్ అనే కంపెనీ 2018 డిసెంబరులో దీన్ని విడుదల చేసింది. పేరు చెప్పని ఓ పశ్చిమాసియా దేశం. ఒకవైపు ‘సెక్యూరిటీ’, అంటే సైన్యమూ ప్రత్యేక దళాలూ. రెండోవైపు ‘ఇన్సర్జెంట్స్’, తిరుగుబాటుదారులు. ఒకరు ఫలానా చోటును కాపాడాలి, ఇంకొకరు దాన్ని పట్టుకోవాలి. అంతే కథ.

ఈ జాతి ఆటల్లో దీనంత నిజాయితీగా ఒంటిని చూపించినవి తక్కువ. తెర మధ్యలో గురి గుర్తు ఉండదు. ఎన్ని తూటాలు మిగిలాయో అంకె కనపడదు, మ్యాగజీన్ తీసి చూసుకుంటే ఓ అంచనా వస్తుంది, అంతే. ఒకటి రెండు తూటాలు తగిలితే చావే. బరువైన కవచం వేసుకుంటే అడుగు నెమ్మదిస్తుంది. మనవాళ్ళ తూటా కూడా మనల్ని చంపుతుంది. పక్క నుంచి తూటాలు దూసుకుపోతుంటే చూపు మసకబారుతుంది, మన పాత్ర గొంతులో భయం వినపడుతుంది. ‘కాల్ ఆఫ్ డ్యూటీ’లో దెబ్బ తగిలినవాడు గోడ చాటున కాసేపు కూర్చుంటే ఒళ్ళు దానంతటదే బాగైపోతుంది. ఇక్కడ ఆ సుఖం లేదు. ఒక తలుపు ముందు నిలబడి లోపలికి వెళ్ళాలా వద్దా అని పది సెకన్లు ఊపిరి బిగబట్టడం ఈ ఆట నాకిచ్చిన అసలు అనుభవం. అది బాగుంటుంది. కాదని అబద్ధం చెప్పను.

మా తరానికి ఈ ఆటలు కొత్తవి కావు. బెజవాడలో ఇంటర్ చదివిన మగపిల్లల్లో చాలామందికి మొదటి యుద్ధభూమి నెట్ సెంటరే. మా హాస్టల్ వెనక సందులో ఒకటుండేది. గంటకింతని కట్టి, ఐఐటీ మెటీరియల్ ఒళ్ళో పెట్టుకుని ‘కౌంటర్-స్ట్రైక్’ ఆడేవాళ్ళం. టెర్రరిస్టులు, కౌంటర్ టెర్రరిస్టులు అని రెండు జట్లు. మా గొడవంతా టెర్రరిస్టు జట్టులో చోటు కోసమే, ఎందుకంటే ఏకే-47 కొనుక్కోవచ్చు. ఆ వైపు మనుషులు ఎవరు, బాంబు ఎందుకు పెడుతున్నారు అని ఒక్కడూ అడగలేదు. జట్టు అంటే చొక్కా. మార్చుకోవచ్చు.

‘శాండ్‌స్టార్మ్’ కూడా ఇదే పని ఇంకాస్త మర్యాదగా చేస్తుంది. రౌండు మారితే మీరు అటువైపు వెళ్తారు. ఇందాక పట్టుకోవాలనుకున్న ఇంటిని ఇప్పుడు కాపాడతారు. పైకి ఇది సమదృష్టిలా కనిపిస్తుంది. ఎవరినీ రాక్షసుల్ని చెయ్యలేదు కదా అని మొదట్లో నేనూ మెచ్చుకున్నాను. తర్వాత అర్థమైంది, ఇద్దరికీ సమానంగా ఇచ్చింది తుపాకీ ఒక్కటే. కారణం ఇద్దరికీ ఇవ్వలేదు. సైనికుడు ఇక్కడికి ఎందుకొచ్చాడో తెలీదు. తిరుగుబాటుదారుడు ఎవరి మీద తిరగబడ్డాడో తెలీదు. ఇక వాళ్ళిద్దరూ ఏ జనం పేరు చెప్పి కొట్టుకుంటారో ఆ జనం అసలు లేనే లేరు.

ఈ ఖాళీ యాదృచ్ఛికం కాదు. ఆటలో కమాండర్ అనే పాత్ర ఉంటుంది. రేడియో మోసే పరిశీలకుడు పక్కనుంటే కమాండర్ ఆకాశం నుంచి సాయం పిలవొచ్చు. సెక్యూరిటీకి హెలికాప్టర్లు, ఫిరంగులు. ఇన్సర్జెంట్లకు పేలుడు డ్రోన్లు, విషవాయువు మోర్టార్లు. మ్యాప్ మీద ఒక చోటు చూపించి మీట నొక్కితే ఆ వీధంతా పొగ. ఆటలో ఇంత ఉత్సాహమిచ్చే క్షణం ఇంకోటి లేదు. ఇప్పుడు ఆ వీధిలో ఒక్క ముసలమ్మను కూర్చోబెట్టండి. రేడియో పట్టుకున్న చెయ్యి ఆగుతుంది, కనీసం తడబడుతుంది. ఆ తడబాటు రాకుండా ఉండటానికే ఊరు ఖాళీ చేశారు. ఇళ్ళు ఎవరివన్న అమ్మమ్మ ప్రశ్న ఆ రేడియో దగ్గరికే వెళ్ళి ఆగుతుంది.

ఇదంతా ఎక్కడో ఇరాక్‌కో సిరియాకో సంబంధించిన గొడవ అనుకోవచ్చు. కానీ ప్రత్యేక దళాలు, తిరుగుబాటుదారులు, మధ్యలో ఊరు అన్న మ్యాప్ మా కృష్ణా డెల్టాలోనే ఒకప్పుడు ఉంది. తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తున్న రోజుల్లో బెజవాడ, చుట్టుపక్కల పల్లెలు కమ్యూనిస్టులకు వెన్నుదన్ను. వాళ్ళను ఏరివేయడానికి అప్పటి మద్రాసు ప్రభుత్వం మలబార్ స్పెషల్ పోలీసుల్ని దింపింది. పేరులోనే ‘స్పెషల్’ ఉంది. మలబారులో 1921 మాపిళ్ళా తిరుగుబాటు నాటి అవసరానికి బ్రిటిష్‌వాళ్ళు తీర్చిదిద్దిన సాయుధ దళం అది. తిరుగుబాట్లను అణచడమే దాని పని.

1949లో ఆ పోలీసులు ఉయ్యూరు పక్కనున్న కాటూరునూ, అక్కడికి పెద్ద దూరం కాని ఎలమర్రునూ చుట్టుముట్టారు. కమ్యూనిస్టుల జాడ కోసం ఊరి మీద పడ్డారు. మగవాళ్ళను కొట్టి, బట్టలు ఊడదీయించి, నగ్నంగా గాంధీ విగ్రహం దగ్గరికి నడిపించారు. కమ్యూనిస్టు ఉద్యమ చరిత్రల్లో ఈ రెండు ఊళ్ళ పేర్లు జంటగా పదేపదే వస్తాయి. అలా నడిచినవాళ్ళ చేతుల్లో తుపాకులు లేవు. ‘శాండ్‌స్టార్మ్’ భాషలో చెప్పాలంటే వాళ్ళు సెక్యూరిటీ కాదు, ఇన్సర్జెంట్స్ కాదు. అసలు మ్యాప్ మీద లేనివాళ్ళు. కానీ ఆ రోజు జరిగిందంతా వాళ్ళకే జరిగింది.

అమ్మమ్మది ఆ చుట్టుపక్కల ఊరే. అప్పటికి చిన్నపిల్ల. నేను ఈ సంగతి చదివాక ఫోన్ చేసి అడిగాను. “చెప్పుకునేవాళ్ళు. మా నాన్న మాత్రం ఇంట్లో ఆ మాట ఎత్తనిచ్చేవాడు కాదు” అంది. ఇంకేమీ చెప్పలేదు. నేనూ గుచ్చి అడగలేదు.

ఆ తర్వాత నలభై ఏళ్ళకు అదే కథ కొత్త పేర్లతో మళ్ళీ నడిచింది. నక్సలైట్లను ఎదుర్కోవడానికి 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ చొరవతో గ్రేహౌండ్స్ ఏర్పడింది. చిన్న జట్లుగా, రోజుల తరబడి అడవిలో నడుస్తూ, దళాల పద్ధతుల్లోనే దళాలను వేటాడే బలగం. 1993 జనవరిలో హైదరాబాద్‌లో వ్యాస్‌ను నక్సలైట్లు కాల్చి చంపారు. 2008 జూన్‌లో ఒడిశాలోని బలిమెల జలాశయంలో పడవలో వెళ్తున్న గ్రేహౌండ్స్ జవాన్ల మీద మావోయిస్టులు దాడి చేసి పెద్ద సంఖ్యలో చంపారు. అటువైపు ఎన్‌కౌంటర్లు. ఈ మాటకు నిఘంటువు అర్థం తెలుగులో ఎప్పుడో పోయింది. ‘బూటకపు’ అన్న విశేషణం లేకుండా వినపడినా మనసులో అది దానంతటదే వచ్చి చేరుతుంది. అటు ఇటు చచ్చినవాళ్ళలో చాలామంది ఒకే రకం ఇళ్ళ పిల్లలు.

ఈ రెండు వైపుల లెక్కకు లొంగని మూడో గొంతు కూడా మనకుంది. ఎస్.ఆర్. శంకరన్ వంటివాళ్ళు 1997లో పౌర స్పందన వేదిక పెట్టి, ఇద్దరి మధ్య నలుగుతున్న జనం తరఫున ఇద్దరితోనూ మాట్లాడారు. రాజ్యహింసను బయటపెట్టడానికి జీవితం ధారపోసిన బాలగోపాల్, విప్లవం పేరుతో జరిగే హింసనూ ప్రశ్నించాలన్నందుకు సొంత సహచరులతో విడిపోయాడు. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ప్రభుత్వమూ నక్సలైట్లూ ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆ చర్చలు నిలవలేదు, మర్నాటి ఏడాదికల్లా మళ్ళీ తుపాకులే. అయినా కూర్చున్నారు. ‘శాండ్‌స్టార్మ్’లో ఏ మీట నొక్కినా అలాంటి బల్ల రాదు.

ఇక్కడ ఓ అభ్యంతరం వస్తుంది. ఆట ఆటే కదా, చదరంగంలో రైతులు లేరని ఎవరైనా ఏడుస్తారా? ఏడవరు. ఎందుకంటే చదరంగం తాను నిజమని చెప్పుకోదు. ఏ తుపాకీకి ఎంత అదురు, ఏ గోడలోంచి ఏ తూటా దూసుకెళ్తుంది అని లెక్కలు కట్టి ‘వాస్తవికత’ పేరుతో అమ్ముకునే ఆటను మాత్రం ఆ మాట మీదే నిలబెట్టి అడగొచ్చు. తుపాకీ విషయంలో అంత పట్టింపు, ఊరి విషయంలో ఎందుకు లేదు?

ఇంకో అభ్యంతరం గట్టిది. జనాన్ని పెడితే ఆడేవాళ్ళు సరదాకి వాళ్ళనూ కాలుస్తారు. నిజమే, నెట్ సెంటర్‌లో మేమే కాల్చేవాళ్ళం. కానీ దీనికి దారులు లేకపోలేదు. 2005లో వచ్చిన ‘స్వాట్ 4’లో పోలీసు దళం మనది. లొంగిపొమ్మని అరవకుండా కాలిస్తే మార్కులు పోతాయి, బందీలూ సాక్షులూ గదుల్లో ఉంటారు. తుపాకీ ఎత్తడం కన్నా దించడం కష్టమైన పని అని ఆ ఆట నేర్పింది. 2012 నాటి ‘స్పెక్ ఆప్స్: ది లైన్’ అయితే పైనుంచి తెల్ల భాస్వరం గుప్పించే సరదాను మనకిచ్చి, తర్వాత ఆ పొగలోంచే మనల్ని నడిపించి కాలిపోయిన పౌరుల్ని చూపిస్తుంది. 2014లో వచ్చిన ‘దిస్ వార్ ఆఫ్ మైన్’లో మనమే ఆ ముట్టడిలో ఉన్న జనం. అన్నం, మందులు, రాత్రి చలి, ఇవే యుద్ధం. కాబట్టి చెయ్యలేక కాదు. వద్దనుకున్నారు.

‘శాండ్‌స్టార్మ్’ను 2016లో ప్రకటించినప్పుడు ఒంటరిగా ఆడుకునే కథ ఒకటి ఉంటుందన్నారు. తర్వాత దాన్ని పక్కన పెట్టి, జట్ల పోరు వరకే విడుదల చేశారు. చిన్న కంపెనీ, డబ్బూ టైమూ చాలక ఉండొచ్చు. కానీ ఏది తీసేస్తే ఆట మిగులుతుందో, ఏది తీసేస్తే మిగలదో ఆ నిర్ణయంలో తెలుస్తుంది. కథ తీసేశారు, రేడియో ఉంచారు.

నేను ఇప్పటికీ ఆడతాను. మానేశానని చెప్తే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. మొన్న రాత్రి కమాండర్ నేనే. ఫిరంగుల్ని ఎక్కడికి పిలవాలో చూస్తూ మ్యాప్ మీద వేలు పెట్టాను. నాలుగు వీధులు కలిసే చోటు, ఖాళీ. ఊళ్ళో గాంధీ విగ్రహం పెట్టేది సరిగ్గా అలాంటి చోటే. హెడ్‌ఫోన్‌లో జట్టువాడు తొందరపెడుతున్నాడు. పిలిచాను. ఆ రౌండు గెలిచాం.