గాజు సీసాలోని చిల్లర
(బాలుర బొమ్మల పుస్తకమున అర్థశాస్త్రము)

అర్థశాస్త్రమనగానే పెద్దలకు పన్నులు, బ్యాంకులు, ఆయవ్యయ పట్టికలు స్ఫురించును. ఐదారేండ్ల శిశువునకు ఆ శాస్త్రము ఇంటిలోని వస్తువుల యందే గోచరింపవలెను. అమెరికా రచయిత్రి వేరా బి. విలియమ్స్ స్వయముగా చిత్రించి 1982లో వెలువరించిన ‘ఎ చెయిర్ ఫర్ మై మదర్’ అట్టి పుస్తకము. 1983లో దీనికి కాల్డెకాట్ ఆనర్ లభించినది.

అగ్నిప్రమాదమున సర్వస్వము కోల్పోయిన కుటుంబములో అవ్వ, తల్లి, బాలిక కలరు. తల్లి ఫలహారశాలలో వడ్డన చేయును. పని ముగించి వచ్చి కాళ్లు చాచుకొనుటకు ఇంట మెత్తని కుర్చీ లేదు. తల్లికి బక్షీసుగా వచ్చిన చిల్లర యంతయు, అవ్వ బేరమాడి మిగిల్చినది, బాలిక అదే ఫలహారశాలలో చిన్నపనులు చేసి గడించినదానిలో సగము ఒక పెద్ద గాజు సీసాలో పడును. సీసా నిండినపుడు కుర్చీ కొందురు.

తెలుగు ఇండ్లలోని మట్టి డిబ్బి పగులగొట్టు దినము వరకు తన గుట్టు చెప్పదు. ఊపి చప్పుడు వినవలసినదే. గాజు సీసా అట్లు కాదు. నాణెముల మట్టము ఎంత పెరిగినదియు, ఇంకెంత వెలితి యున్నదియు కంటికి కానవచ్చును. పొదుపునకు ఇంతకంటె మంచి నిర్వచనమును పాఠ్యపుస్తకములలో వెదకనక్కరలేదు. ఫోనుతోనే వెల చెల్లించు నేటి ఇండ్లలో పిల్లల కంట పడు చిల్లరయే తక్కువ. కావుననే ఈ బొమ్మల విలువ పెరిగినది.

రాబడి నిలకడలేమిని రచయిత్రి దాచలేదు. బక్షీసు తక్కువైన నాడు తల్లి ముఖమున దిగులు కనబడును. మంచము, బల్ల మొదలగునవి ఇరుగుపొరుగువారు ఉచితముగా నిచ్చినవి. కుర్చీ మాత్రము కూడబెట్టి కొన్నది. ఇచ్చిపుచ్చుకొనుట యంతయు క్రయవిక్రయము కాదని బాలిక గ్రహించును. అయితే నెన్నాళ్ల చిల్లర ఒక కుర్చీ యగునో పాఠకుడైన శిశువు లెక్కకట్టుటకు అంకెలు లేవు. ఇది లోపమే.

బెంగుళూరు, చెన్నై, బరంపురములలో స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలలో పెక్కురకు బడి భాష వేరు. బేరము, కొసరు, చేబదులు వంటి మాటలు వారికి ఇంటనే అబ్బవలెను. ఈ పుస్తకమును తెలుగున చెప్పి వినిపించు పెద్దలు అవ్వ బేరము వద్ద కొంత నిలువదగును. అవ్వ మిగిల్చినది వెలలో; సంతలో తెలుగు గృహిణి రాబట్టు కొసరు తూకములో. ఆ కొసరు కూరలో పడును గాని సీసాలో పడదు.