పట్టికకు లొంగని దేవతలు: కల్పిత యొరూబా దేవతాగణం - అరసవల్లి నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
యొరూబా మతవిశ్వాసాల ప్రేరణతో టోమి అడెయెమి తన నవలలో నిర్మించిన కల్పిత దేవతాగణాన్ని, ఉత్తరాంధ్రలో నేటికీ ఆరాధన పొందుతున్న దేవతల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. దేవతను ఒక శక్తికి అధిపతిగా మాత్రమే చూపినప్పుడు, ఆ దేవతకూ ప్రజలకూ మధ్యనున్న బాధ్యతాసంబంధం మరుగున పడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యొరూబా, ఒరీషా, కల్పిత దేవతాగణం, అరసవల్లి, పైడితల్లి, కాల్పనిక నవల.

1. ఉపోద్ఘాతం:
నైజీరియా మూలాలుగల అమెరికన్ రచయిత్రి టోమి అడెయెమి రాసిన 'చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్' నవల 2018లో వెలువడింది. నవలాత్రయంలో ఇది మొదటిది. పశ్చిమాఫ్రికాలోని యొరూబా ప్రజల ఆరాధనా సంప్రదాయం దీనికి ఆధారం. యొరూబా భాషలో 'ఒరీషా' అంటే దేవత. నవలలో ఆ పదం ఒక రాజ్యానికి పేరయింది. కల్పన ఎంత స్వేచ్ఛ తీసుకొన్నదో ఈ ఒక్క మార్పే తెలుపుతుంది.

స్థానిక దేవతల గాథలను కాల్పనిక కథలుగా మలచాలనే ఆసక్తి తెలుగులోనూ ఉంది. అందువల్ల ఈ నవల ఏమి స్వీకరించింది, ఏమి విడిచింది అన్న ప్రశ్న మనకు సంబంధించనిది కాదు. పురాణదేవత, గ్రామదేవత, చారిత్రక స్మృతి పక్కపక్కనే నిలిచిన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి ఆ ప్రశ్నను పరిశీలించవచ్చు.

2. నవలలో దేవతల విభజన:
సారన్ రాజు మాంత్రికశక్తిగల 'మాజీ'లను ఊచకోత కోయిస్తాడు. అప్పటికే మంత్రశక్తి లోకం నుండి మాయమై ఉంటుంది. ఆ ఊచకోతలో తల్లిని కోల్పోయిన జెలీ, ఆ శక్తిని తిరిగి రప్పించడానికి చేసే ప్రయాణమే ఇతివృత్తం. మాజీలు పది వంశాలు. నవల ప్రారంభంలోనే రచయిత్రి వాటిని పట్టికగా ఇచ్చింది. ప్రతి వంశానికీ ఒక శక్తి, ఒక బిరుదు, ఒక దేవత ఉంటాయి. నీటికి యెమోజా, అగ్నికి షాంగో, ఇనుముకూ నేలకూ ఓగున్, కాలానికి ఒరున్మిలా అధిదేవతలు.

ఈ పద్ధతి పాఠకుడికి సౌలభ్యం. అయితే దీనికి చెల్లించిన మూల్యం ఓయా విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. యొరూబా సంప్రదాయంలో ఓయా సుడిగాలికీ తుఫానుకూ దేవత, నైజర్ నది ఆమె రూపం, షాంగోకు భార్య, మృతుల లోకంతోనూ ఆమెకు సంబంధం ఉంది. నవల ఆమెకు జీవన్మరణాలను మాత్రమే కేటాయించి, గాలిని అయావో అనే మరొక దేవతకు అప్పగించింది. ఒకే దేవతలో కలిసివున్న గాలి, నది, దాంపత్యం, మృత్యువు పట్టికలో విడిపోయాయి. తుఫాను వచ్చినప్పుడు గాలినీ చావునూ వేరుచేయలేని తీరప్రాంత పాఠకుడు ఈ విభజనలోని లోపాన్ని సులభంగా గ్రహిస్తాడు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఆరోగ్యాన్నీ రోగాన్నీ నవల బాబాలుఆయే అనే ఒకే దేవతకు అప్పగించింది. యొరూబా ప్రజలకు ఆయన మశూచి దేవుడు. రోగాన్ని పంపేవాడూ తగ్గించేవాడూ ఆయనే. మశూచి సోకితే 'అమ్మవారు పోసింది' అన్న తెలుగు సమాజానికి ఈ భావన కొత్తది కాదు. రోగమే అమ్మవారు, ఉపశమనమూ అమ్మవారే. ఇక్కడ నవల తన మూలానికి దగ్గరగా నిలిచింది.

3. అరసవల్లి - సూర్యశిల, సూర్యకిరణం:
నవలలో మంత్రశక్తి పునరుద్ధరణకు మూడు వస్తువులు కావాలి: ఒక లిఖితపత్రం, ఒక ఎముక బాకు, ఒక సూర్యశిల. సూర్యశిలను సంపాదించవచ్చు, పోగొట్టుకోవచ్చు, శత్రువు నుండి గెలుచుకోవచ్చు. దైవశక్తి చేతికి అందే వస్తువైంది.

అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయంలో సూర్యుడితో సంబంధం మరోవిధంగా ఉంటుంది. ఈ ఆలయాన్ని 7వ శతాబ్దంలో తూర్పు గాంగ రాజు దేవేంద్రవర్మ నిర్మించాడని ప్రసిద్ధి. ఏటా మార్చి 9 నుండి 11 వరకు, అక్టోబరు 1 నుండి 3 వరకు ఉదయకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. మొదటిది వసంత విషువత్తుకు సుమారు పది రోజుల ముందు, రెండవది శరద్విషువత్తుకు సుమారు పది రోజుల తరువాత. ఈ రెండు వేళల్లోనూ సూర్యుడు తూర్పుకు కొద్దిగా దక్షిణంగా, దాదాపు ఒకేచోట ఉదయిస్తాడు. ఆ కిరణాన్ని ఎవరూ సొంతం చేసుకోలేరు. తెల్లవారుజామున వచ్చి నిలబడి ఎదురుచూడాలి. మబ్బు పడితే ఆ దర్శనమూ లేదు.

క్షేత్రగాథ కూడా ఇదే చెబుతుంది. వేళకాని వేళ శ్రీకాకుళంలోని కోటేశ్వరుని దర్శనానికి వెళ్ళిన ఇంద్రుణ్ణి నంది తన్నాడు. పడిపోయిన ఇంద్రుడు సూర్యుణ్ణి ప్రార్థించి, వజ్రాయుధంతో తవ్వి విగ్రహాన్ని పొందాడు. ఆ తవ్విన చోటే ఇంద్రపుష్కరిణి. ఈ కథలో దేవతల రాజు సైతం వేళను పాటించవలసినవాడే. రథసప్తమినాడు జిల్లేడాకులతో స్నానం చేసి, పిడకలపై పాలు పొంగించి, చిక్కుడాకులలో పరమాన్నం నివేదించే గృహిణికి సూర్యుడు వెలుగుకు అధిపతి అన్నది తెలిసిన విషయమే. అయితే ఆమెను ఆయనతో కలిపేది ఆ పని.

4. షాంగో, పైడితల్లి - మరణం నుండి దైవం:
షాంగో యొరూబా స్మృతిలో తొలుత రాజు. ఓయో రాజ్యాన్ని ఏలి, చివరకు ఉరివేసుకొన్నాడని ఒక కథనం. రాజు ఉరివేసుకోలేదన్నది భక్తుల మాట. ఈ నిరాకరణమే ఆరాధనకు మూలమైంది. డ్యూరో లాడిపో 'ఓబా కోసో' నాటకం పేరుకు అర్థం కూడా అదే.

విజయనగరంలో దీనికి సన్నిహితమైన ఉదాహరణ పైడితల్లి. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం తరువాత విజయరామరాజు తాండ్ర పాపారాయుడి చేతిలో హతుడయ్యాడు. ఆయన చెల్లెలు ఆ శోకంతో ప్రాణాలు విడిచి దేవతగా వెలసిందని, పెద్దచెరువులో ఆమె విగ్రహం లభించిందని జనశ్రుతి. విజయదశమి తరువాతి మంగళవారం జరిగే సిరిమానోత్సవంలో పాలధార, తెల్ల ఏనుగు, అంజలిరథం, బెస్తవారి వల ముందు నడుస్తాయి. పూజారిని మోసే చింతమాను అమ్మవారి గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ఓడినవారి దుఃఖాన్ని కాక, గెలిచినవారి ఇంటి దుఃఖాన్ని ఊరంతా ఏటా మోయడం ఇందులోని విశేషం.

పైడితల్లిని పది గడుల పట్టికలో ఎక్కడ ఉంచాలి? ఆమె నీటికా, నిప్పుకా, యుద్ధానికా అధిదేవత? దీనికి జవాబు లేదు. చెల్లెలి శోకం ఒక శక్తి పేరు కాదు. దానిని తలచుకొనే బాధ్యత బెస్తవారి నుండి రాజకుటుంబం వరకు అందరికీ పంచబడింది.

5. నవల సాధించినది:
ఈ లోపాల వల్ల నవల విలువ తగ్గిపోదు. అమెరికాలో నల్లజాతివారిపై పోలీసుల హింస తన రచనకు ప్రేరణ అని రచయిత్రి నవల చివర చెప్పింది. నిషేధానికి గురైన పూజ, హతులైన తల్లులు, మాతృభాషలో పలికినప్పుడే పనిచేసే మంత్రం - ఇవి ఆ వేదన నుండి పుట్టినవే. జెలీ తన తల్లిని తలచుకొనే సందర్భాలలో ఓయా పట్టికను దాటి వస్తుంది. మృతులతో బతికున్నవారి సంబంధం అక్కడ కథకు ప్రాణమవుతుంది. షాంగోనూ పైడితల్లినీ దైవాలుగా నిలిపిన భావం ఇదే.

'మిత్, లిటరేచర్ అండ్ ది ఆఫ్రికన్ వరల్డ్' (1976)లో వోలే సోయింకా ఓగున్‌ను ఈ దృష్టితోనే వ్యాఖ్యానించాడు. దేవతలూ మనుషుల ఎడబాటును భరించలేకపోయారు. ఇనుముతో మొదట దారి తొలిచినవాడు ఓగున్. ఈ వ్యాఖ్యానంలో ఇనుము అధికారచిహ్నం కాదు, కలుసుకోవడానికి సాధనం. నవలలో ఓగున్‌కు ఇనుము మిగిలింది, ఆ దారి మిగలలేదు.

6. ముగింపు:
కల్పిత దేవతాగణం మూలాన్ని యథాతథంగా అనుసరించాలని కోరడం విమర్శ పని కాదు. దేవతల పేర్లనూ శక్తులనూ తీసుకొన్న రచయిత, వారికి మనుషులు చేయవలసిన పనులను కూడా తీసుకొన్నాడా అని అడగవచ్చు. అడెయెమి నవల శోకాన్ని తీసుకొన్నది. వేళనూ, స్థలాన్నీ, ఊరి పాలునూ చాలావరకు విడిచింది. రేపు సిరిమానునో అరసవల్లి కిరణాన్నో కథగా మలచే తెలుగు రచయితకు ఈ నవల ఆదర్శంగానూ హెచ్చరికగానూ ఉపకరిస్తుంది. ఆ కథలో దేవత ఏమి చేయగలదో చెప్పడంతోపాటు, ఆ దేవత కోసం ఎవరు తెల్లవారకముందే లేస్తారో, ఎవరు వల మోస్తారో కూడా చెప్పవలసి ఉంటుంది.