చెప్పుల గడి

ఆట నేర్పాలంటే ఆటే ఆడించాలి, దానికి కొమ్ములూ తోకలూ తగిలించకూడదని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకి తెలుసు. పోయిన ఆదివారం నా చెప్పే నాకు ఎదురు తిరిగింది.

చెన్నైలో చదువుతున్న మా మేనల్లుడు సెలవులకి కొత్తవలస వస్తూ ఫ్రిస్బీ పట్టుకొచ్చాడు. 175 గ్రాముల ప్లాస్టిక్ పళ్లెం. దానితో ఆడే ఆట పేరు అల్టిమేట్. 1968లో అమెరికాలో, న్యూజెర్సీ హైస్కూలు పిల్లలు మొదలెట్టారు. జట్టుకి ఏడుగురు. పళ్లెం చేతిలో ఉంటే పరుగెత్తకూడదు, పది లెక్కపెట్టేలోగా విసిరెయ్యాలి. ఆ లెక్క ఎదుటివాడే పైకి పెడతాడు, మన కబడ్డీ కూతలాగా. రిఫరీ ఉండడు; ఫౌలైతే ఆటగాళ్లే తేల్చుకోవాలి. మన ఊళ్లో అదెలా సాగుతుందో చూద్దామనే వెళ్లాను.

తీరా చూస్తే ఆ ఆటే లేదు. మైదానం మధ్యలో నాలుగు చెప్పులు పెట్టి గడి కట్టాడు. నాలుగో మూలకి నా ఎడమ చెప్పు అడిగి తీసుకున్నాడు. అటు ముగ్గురు పిల్లలు, ఇటు ముగ్గురు. గడిలో కాలుపెట్టి పళ్లెం పట్టుకుంటే పాయింటు. పళ్లెం చేజారితే అవతలి జట్టు ముందు దాన్ని దూరపు గీత దాటించి తెచ్చుకోవాలి.

"ఇదేటిరా, అసలాట ఎప్పుడు?"

"సూడు మావయ్యా."

మొదట ఆరుగురూ గడిలోనే కిక్కిరిశారు. విసిరిందల్లా ఎవరి వీపుకో తగిలింది. మావాడు నోరు మెదపలేదు. కాసేపటికి రెండు జడల పిల్లొకతె గడి వదిలి దూరంగా పరుగుతీసింది. కాపలా కుర్రాడు వెంటపడ్డాడు. ఆ పిల్ల ఠక్కున ఆగి, మడమ మీద తిరిగి, ఖాళీ అయిన గడిలోకి వచ్చి పళ్లెం అందుకుంది. ఎవరూ చెప్పలేదు. 1982లో ఇంగ్లండులో బంకర్, థోర్ప్ అనే అధ్యాపకులు రాసింది కూడా ఇలాంటిదేనట: ముందు ఆట అర్థం కావాలి, ఒడుపు తరవాత.

అయినా నాకు మా వీధి క్రికెట్ గుర్తొచ్చింది. అందులో గోడ దాటితే ఔట్. మామ్మగారి పెరట్లో పడ్డ బంతి తిరిగి రాదు మరి. ఆ రూలు పుణ్యాన నేలబారుగా కొట్టడం మాకు బ్రహ్మాండంగా వచ్చింది. ఆ గర్వంతోనే శృంగవరపుకోటలో మ్యాచ్‌కి వెళ్లాను. రెండు ఓవర్లలో నా సంగతి వాళ్లకి తెలిసిపోయింది. ఫీల్డర్లంతా దగ్గరికొచ్చి నించున్నారు. తలల మీంచి లేపితే చాలు. గోడ లేదు, మామ్మగారు లేరు. అయినా చెయ్యి లేవలేదు. మధ్యాహ్నమంతా ఆడి పదకొండు పరుగులు.

అందుకే చివర్లో చెప్పులు తీయించి, అసలాట ఆడించమన్నాను. రెండు జడల పిల్ల మళ్లీ అదే పరుగు, అదే మలుపు. వచ్చి, గడి ఉండిన చోటే చేతులు చాపి నిలబడింది. ఆటేమో ఆ చివర సాగుతోంది.

"సూసేవా?" అన్నాను, గెలిచినట్టు.

మావాడు తల గోక్కున్నాడు. "రేపు గడి ఆ చివర పెడతాను మావయ్యా. ఎల్లుండి ఇంకోచోట."

కాదనబోయి ఆగాను. మామ్మగారి గోడని కూడా ఎవరైనా వారానికోసారి జరిపి ఉంటే! పైకి మాత్రం ఏమీ అనలేదు. రెండో చెప్పు కూడా అక్కడే విడిచి ఇంటికి నడిచాను.