ఇక చాలు అనే విద్య

వడ్డించేవాళ్లకి తెలియకపోయినా తినేవాళ్లకి తెలుస్తుంది, కడుపు నిండిందని. కానీ రాసేవాళ్ల విషయం వేరు. వారం వారం తమ ఇంటి సంగతులు, చిన్ననాటి ముచ్చట్లు, అమ్మా నాన్నల కబుర్లు పత్రికల్లో చెప్పుకొచ్చేవారికి 'ఇక చాలు' అని చెప్పేవాళ్లెవరు? ఎడిటరుగారు చెప్పరు, ఆయనకి పేజీ నిండాలి. మనం చెప్పం, మనకి వచ్చేవారం ముచ్చట కావాలి. కనక ఆ మాట రాసేవారే తమకు తాము చెప్పుకోవాలి. మొదలుపెట్టడం కన్నా అది వంద రెట్లు కష్టమైన విద్య అని నా అభిప్రాయం.

ఇలాంటి సొంత కబుర్ల శీర్షికలంటే మన ఆడవాళ్లకి మహా ఇష్టం. పత్రిక చేతికి రాగానే సీరియల్ కన్నా ముందు ఆ పేజీ తిప్పేవాళ్లని నేను చాలామందిని ఎరుగుదును. ఎందుకూ అంటే, అందులో మన వంటిల్లు ఉంటుంది. మన బీరువా తాళాలు, నెలాఖరు లెక్కలు, పండక్కి కొనలేకపోయిన చీర, అన్నీ ఉంటాయి. రాసినవారు మనకి పక్కింటివారే అనిపిస్తారు.

మా నెల్లూరు తీరం నుంచి అలా వచ్చిన వాటిలో ముందు చెప్పుకోవలసినవి మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'. ఆయనది కావలి. పత్రికలో వరసగా వచ్చి, 1999లో పుస్తకమయ్యాయి. కథలు అని కూడా కాదు, 'కతలు' అన్నారు చూశారూ! ఆ ఒక్క అక్షరంలోనే ఈయన పండితుల కోసం రాయడం లేదని తెలిసిపోతుంది. ఒక పేద ముస్లిం కుటుంబంలో పెరుగుతున్న పిల్లవాడు తన ఇంటినీ, వీధినీ, బడినీ చూసి చెప్పే కబుర్లవి. భాష అచ్చంగా మా వైపుది. చదువుతూంటే ఎవరో అరుగు మీద కూచుని చెబుతున్నట్టే ఉంటుంది.

ఆ కతల గొప్పతనం నవ్వులో ఉందని చాలామంది అంటారు. నేననేది, ఆ నవ్వు కింద ఉన్న లెక్కలో ఉందని. ఇంట్లో ఎంత ఉంది, ఎంత లేదు, లేనిదాన్ని అమ్మ ఎలా ఉన్నట్టు కనిపింపజేసింది అనే లెక్క. మతం వేరు కావచ్చుగానీ ఈ లెక్క మనకి తెలియనిది కాదు. అందుకే ఆ పుస్తకం చదివాక, పక్క వీధిలోనే ఉన్నా లోపల ఎలా ఉంటుందో తెలియని ఇళ్లు మనకి తెలిసిన ఇళ్లయిపోతాయి. ఉపన్యాసాలు చెయ్యలేని పని అది.

సరే, బాగుంది. మరి బాగున్నదాన్ని ఆపడం ఎందుకు? జీవితాంతం అవే రాయొచ్చు కదా! 'పోలేరమ్మబండ కతలు' అని 2004లో రెండో పుస్తకం వచ్చినప్పుడు అభిమానులు సంతోషించారు. నేనూ సంతోషించాను. ఐతే మూడోదీ, నాలుగోదీ, పదోదీ కూడా ఆ తోవలోనే వచ్చి ఉంటే ఇంత సంతోషం ఉండేదా అని అడిగితే, ఉండేది కాదనే నా సమాధానం.

మా తీరంలో ఉప్పు పండించే చోట్లకి వెళ్లి చూడండి. అల్లూరు దగ్గర ఇసకపల్లి వైపు ఉప్పు కయ్యలున్నాయి. ఎండాకాలమంతా ఉప్పు తీస్తారు. కయ్యలో ఉప్పు పేరుకున్నంతవరకూ పైపైన లాగితే తెల్లగా వస్తుంది. ఇంకా వస్తుందేమోనని లోపలికంటా గీకితే ఉప్పుతోపాటు బురదా వస్తుంది. జ్ఞాపకాలూ అంతే. మొదటి పది కబుర్లు ఎవరూ అడగకుండానే పైకి తేలతాయి. తర్వాతివి గీకాలి.

గీకుతున్నారని మనకెలా తెలుస్తుంది? పాఠకురాలిగా నేను మూడు గుర్తులు పెట్టుకున్నాను. ఒకటి, రచనలోని అమ్మ ప్రతివారం ఏదో ఒక చమత్కారం చెప్పి తీరాల్సి రావడం. ఏ అమ్మ అయినా వారానికొక చమత్కారం చెబుతుందా! నిజం అమ్మకి నడుం నొప్పి ఉంటుంది, విసుగు ఉంటుంది, ఏమీ మాట్లాడని రోజులుంటాయి. రెండు, రాయడానికి పనికొస్తుందని ఒక పని చెయ్యడం. మూడు, గతవారం పాఠకులు ఏది మెచ్చుకున్నారో అదే మళ్లీ వేరే పేర్లతో రావడం. ఈ మూడూ కనిపిస్తే ఆ శీర్షికకి ఆయువు తీరిందన్నమాటే.

ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. ఇంటి కబుర్లు రాసేవారిది సగం సొత్తే. మిగతా సగం ఇంట్లోవాళ్లది. చదవడం రాని అవ్వకి, తనను చూసి ఎక్కడెక్కడివాళ్లో నవ్వుతున్నారని తెలుసా? నాకు తెలిసిన ఒకావిడ ఓ చిన్న పత్రికలో తన కూతురి ముచ్చట్లు చాలా అందంగా రాసేవారు. పిల్ల అల్లరి, పిల్ల భయాలు, పక్క తడపడాలు... అందరూ మురిసిపోయారు. పిల్ల పెద్దదయింది. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లలో ఒకావిడ, "మీ అమ్మాయి సంగతులన్నీ మాకు ముందే తెలుసులెండి, చదివాంగా!" అని పకపకా నవ్వింది. పాపం, మెచ్చుకోలుగానే అంది. కానీ ఆ పిల్ల తల పైకెత్తలేదు. ఆ రాత్రి తల్లితో, "అమ్మా, ఇంక నా సంగతులు నన్నే చెప్పుకోనియ్యవే" అందిట. ఆవిడ ఆ వారంతో శీర్షిక ఆపేశారు. రాయడం మాత్రం మానలేదు. చూపు ఇంటి నుంచి వీధి మీదికి మళ్లించారు. ఇప్పుడు కథలు రాస్తున్నారు, బాగా రాస్తున్నారు.

అలాగని ఎక్కువకాలం నడిచిన శీర్షికలన్నీ చెడ్డవనుకోకండి. మాలతీ చందూర్‌గారి 'ప్రమదావనం' ఉంది కదా! ఆంధ్రప్రభ వారపత్రికలో 1952లో మొదలై నాలుగున్నర దశాబ్దాలకు పైగా నడిచింది. తల్లులు చదివారు, కూతుళ్లు చదివారు. అది ఎండిపోలేదేం? ఆవిడ తన జ్ఞాపకాలు తోడి పోయలేదు గనక. ఆ బావిలోకి నీళ్లు పాఠకుల ఉత్తరాల నుంచి వచ్చేవి. వంట సందేహం మారింది, ఉద్యోగం సందేహం వచ్చింది, అత్తగారి సమస్య కొత్త వేషం వేసుకొచ్చింది. తను వెనక నిలబడి ఎదుటివారిని మాట్లాడనిచ్చినవారికి సరుకు తరగదు. తనే ముందు నిలబడినవారికి తరుగుతుంది. తేడా కాలంలో లేదు, ఊటలో ఉంది.

ఖదీర్‌బాబు ఈ సూక్ష్మం గ్రహించారని నేను నమ్ముతాను. రెండు పుస్తకాల తర్వాత ఆయన చిన్ననాటి 'నేను'ని పట్టుకు వేలాడలేదు. 'న్యూ బాంబే టైలర్స్' కథ చదివారా? రెడీమేడ్ బట్టల రోజుల్లో ఒక పాత దర్జీ ఏమవుతాడన్నది అందులో సంగతి. ఇది మా ఇంటి కబురు కాదు, ఎదటివాడి బతుకు. కానీ ఆ దర్జీ చేతుల్ని అంత దగ్గరగా చూడడం, దర్గామిట్ట పిల్లవాడికి అలవాటైన చూపు వల్లే సాధ్యమయింది. అంటే పాత శీర్షిక వృథా పోలేదు, కొత్తదానికి ఎరువయింది.

ఒక్క లోటు మాత్రం చెప్పక తప్పదు. తర్వాతి కథల్లో నేర్పు పెరిగింది, లోకం పెద్దదయింది, ఆ పిల్లవాడి నవ్వు మాత్రం తగ్గింది. అది లేదే అని నాకూ బెంగగానే ఉంటుంది. కానీ ఆ నవ్వు కోసం మళ్లీ ఆ కయ్యనే గీకమని అడగడం పాఠకులుగా మనం చేసే అన్యాయం. పెళ్లయి వెళ్లిన కూతుర్ని మళ్లీ గౌను వేసుకోమన్నట్టు ఉంటుంది. గౌను దాచుకుందాం, కావలసినప్పుడు తీసి చూసుకుందాం. పుస్తకాలున్నది అందుకే కదా!

ఇళ్లలో కూచుని రాసుకుంటున్న అక్కచెల్లెళ్లు మనలో చాలామంది ఉన్నారు. వారితో ఒక్కమాట. ఆపవలసి వచ్చినప్పుడు చప్పుడు చెయ్యకుండా మాయమవకండి. అన్నాళ్లు ఎదురుచూసినవాళ్లకి చెప్పి ఆపండి. అలిగి ఆపకండి, విసిగి ఆపకండి, ఇంకా నాలుగు మంచి ముచ్చట్లు మిగిలుండగానే ఆపండి. మా వైపు గుమ్మం దిగేటప్పుడు 'పోతున్నా' అని ఎవరూ అనరు. 'పోయొస్తా' అంటారు. రాసేవాళ్లు చెప్పవలసిన మాటా అదే.