సరుగుడు తోపు కట్టిన గోడ

2004 డిసెంబరు 26వ తేదీకి పూర్వము తెలుగు తీరమున సునామీ యను మాట నెరిగినవారు అరుదు. ఉప్పెన యన్నచో మాత్రము, 1977 నవంబరులో దివిసీమను ముంచిన కడలి తలపునకు వచ్చి, నేటికిని పెద్దల కంఠము వణకును. తుపాను గాలి తరుమగా వచ్చునది ఉప్పెన. సముద్రగర్భము కదలి నీటినంతటిని అడుగునుండి ఎత్తివేయగా పుట్టునది సునామీ. దాని రాకను కంప్యూటరుపై గణించి, ఏ పల్లెలో ఎంత దూరము నీరు చొచ్చునో పటము గీయుట నా వృత్తి.

నడికడలిలో ఈ గణితము నమ్మదగినది. 4,000 మీటర్ల లోతున గంటకు 700 కిలోమీటర్లు మించి పరుగెత్తు అల, లోతు 250 మీటర్లకు తగ్గునప్పటికి వేగమున నాల్గవ వంతునకు దిగి, ఎత్తున రెట్టింపగును. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అను సముద్ర సమాచార సంస్థ వారు 2007 నుండి నడుపుచున్న సునామీ హెచ్చరిక కేంద్రము, ముందే గణించి దాచిన భూకంపముల ఫలితములలోనుండి తగినదానిని నిమిషములలో వెలికితీయగలుగుట ఈ నమ్మకమువలననే.

కష్టమంతయు అల ఒడ్డెక్కిన పిదపనే. తొలిదినములలో నేల ఎత్తులకై నేను ఆశ్రయించినది, 2000 ఫిబ్రవరిలో అమెరికా వ్యోమనౌక రాడారుతో కొలిచిన పటము. అందు 90 మీటర్ల గడి యొక్కింటికి ఒక్కటే ఎత్తు. దానిపై 2004 నాటి అలను మరల నడిపించగా, కృష్ణా తీరమున ఒకచోట నీరు మిట్టను తాకి నిలిచిపోయి, వెనుకనున్న పల్లె తడియక మిగిలినది. ఆ మిట్టను చూడవలెనని వెళ్ళితిని. అచట మిట్ట లేదు; సరుగుడు తోపున్నది. రాడారు కిరణము చెట్ల తలలను తాకి మరలి, వానినే నేలగా చెప్పినది! చెట్లు నీటిని కొంత నెమ్మదింపజేయునే గాని గోడవలె నిలువవు. గణితమున వానిని చేర్చవలసినది ఎత్తుగా కాదు, నేల గరుకుదనముగా. ఇంతటి పొరపాటును నమ్మి ఆ పల్లెను సురక్షితమని వ్రాసియుండినచో ఏమగునో తలచుకొన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు.

“ఆ రోజు నీళ్లు ఎటునుంచి వచ్చాయి తాతా?” అని ఆ పల్లెలో వల బాగుచేయుచున్న వృద్ధుని అడిగితిని. “ఒడ్డునున్న ఇసుకదిబ్బ మీంచి కాదు బాబూ, పడవలు దింపే గండిలోంచి” అని ఇరువది అడుగుల వెడల్పైనను లేని సందును చూపెను. 90 మీటర్ల గడిలో అట్టి గండి కానరాదు.

తీరమును అడుగడుగున కొలిపించి, గడిని 10 మీటర్లకు, గండి కడ అంతకంటెను చిన్నదిగా కుదించి, అలను మరల నడిపించితిని. ఈమారు నీరు గండిలో దూరి, కాలువ వెంట సాగి, పల్లెలో ప్రవేశించినది. ఆ పటమును వృద్ధుని ముందు పరచగా, నీలిరంగు వెంబడి వ్రేలు నడిపి, రంగు ముగిసినచోట నిలుపక, రెండిండ్లు దాటి రామాలయపు మెట్ల కడ ఆపెను.

“ఇక్కడిదాకా, బాబూ.”

ఆ రెండిండ్ల దూరముకొరకే కాలువ గట్టును మరల కొలిపించుచున్నాను.